ఎవరైనా గారికి సన్మానం చేయాలి

బెంగళూరులో ఒక కుక్కల రెస్క్యూ గ్రూపులో వాలంటీరుగా చేరి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో కుక్కల కంటే ఎక్కువగా నేను గమనించింది ఒక మహానుభావుణ్ణి. ఆయన పేరు ఎవరైనా. గ్రూపులో రెండొందల నలభై మందిమి ఉన్నాం. అందరం ఆయన మీదే ఆధారపడ్డాం.

"ఎవరైనా బెళ్లందూర్ వైపు ఉన్నారా? కుక్క కాలు విరిగింది."

"ఎవరైనా కారు తీసుకెళ్ళగలరా?"

"ఎవరైనా రెండు రోజులు కుక్కపిల్లల్ని ఇంట్లో ఉంచుకోండి ప్లీజ్, పీజీ ఓనరు చూస్తే నన్ను కూడా బయటికి పంపిస్తాడు."

వీటి కింద ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు వరసగా పడతాయి. ఒకాయన మాత్రం ప్రతిసారీ మాటల్లోనే రాస్తాడు: "నేను ఊళ్ళో లేను, ఉంటే కచ్చితంగా వెళ్ళేవాణ్ణి." రెండేళ్ళుగా ఆయన ఊళ్ళో లేడు. ఆఫీసు మాత్రం వైట్‌ఫీల్డ్‌లోనే.

కాబట్టి కర్ణాటక ప్రభుత్వానికి నా విన్నపం: నవంబరు 1న ఇచ్చే రాజ్యోత్సవ ప్రశస్తి అవార్డు ఈసారి ఎవరైనా గారికి ఇవ్వాలి. తీసుకోవడానికి ఎవరొస్తారన్నది తర్వాతి సంగతి. గ్రూపులో అడుగుదాం.

బయటి జనానికి మా సేవ అంత తేలిగ్గా అర్థం కాదు. పక్క వీధి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "కుక్కల్ని పట్టుకెళ్ళేది మీరే కదండీ?" అవునన్నాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలని వివరంగా చెప్పాను.

"అంటే మళ్ళీ మా వీధికే తెస్తారా?"

"అవునండీ."

"దానికి పట్టుకెళ్ళడం దేనికి బాబూ?"

సంతానం తగ్గుతుంది, రేబిస్ రాదు, దాని జాగా ఖాళీ అయితే కొత్త కుక్కలొచ్చి చేరతాయి అని చెప్పాల్సింది. కానీ మా ఆవిడ కూడా ఇదే ప్రశ్న అడిగిన రోజు కావడంతో నాకు మాట రాలేదు.

ఇక అపార్ట్‌మెంట్ అసోసియేషన్. అదే నియమాల్లో ఇంకో మాటుంది: కుక్కలకు తిండి పెట్టే చోటును అసోసియేషనే చూపించాలి. అది పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకి, రాకపోకల దారికి దూరంగా ఉండాలి. మావాళ్ళు మూడు గంటలు మీటింగ్ పెట్టి నియమాన్ని అక్షరం తప్పకుండా పాటించారు. పార్కు పక్కన వద్దు, లిఫ్టు దగ్గర వద్దు, కార్ల దగ్గర గీతలు పడతాయి వద్దు, జనరేటర్ దగ్గర కుక్కకే టెన్షన్ వద్దు. అన్నీ పోగా మిగిలింది టెర్రస్ మీద వాటర్ ట్యాంకు. ఏకగ్రీవంగా ఆమోదించారు. కుక్కల అభిప్రాయం మినిట్స్‌లో లేదు.

2025 జులైలో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ అయిదు వేల వీధికుక్కలకు రోజూ చికెన్ రైస్ పెట్టడానికి టెండర్ పిలిచినప్పుడు మాత్రం ఊరంతా కుక్కల గురించే ఆలోచించింది. ఒక్కో కుక్కకు 367 గ్రాములు, ఖర్చు 22 రూపాయల 42 పైసలు. ఆ పూట మారతహళ్లి పీజీలో ఉండే మా బావమరిది సాంబారులో గరిటె తిప్పి తిప్పి ఒక్క ములక్కాడ కూడా దొరక్క నాకు ఫోన్ చేశాడు. "బావా, దానికి అప్లై చేయడం ఎలా?" చెవి కొస కత్తిరిస్తారేమోరా అన్నాను. కాసేపు ఆలోచించాడు.

సరే, బెళ్లందూర్ సంగతికొస్తాను. రాత్రి పదకొండు దాటింది. నేను వెళ్ళింది కేవలం ఫోటో తీసి లొకేషన్ పెట్టడానికే. వాలంటీర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి: ఫోటో తీయడానికి వెళ్ళినవాడు ఫోటో తీసి రాలేడు. టెంపో కింద గోధుమరంగు ఆడకుక్క, వెనక కాలు వేలాడుతోంది. జేబులో గాజుగుడ్డ చుట్ట ఉంది. దాంతో మూతి ఎలా కట్టాలో వీడియో మూడుసార్లు చూశాను. వీడియోలో కుక్క కదల్లేదు. ఇది కదిలింది. నా బొటనవేలు పక్కన రెండు గాట్లు పడ్డాయి.

నాలుగు ఆటోలు ఆగి, చూసి, వెళ్ళిపోయాయి. అయిదో ఆటోవాడిది చిత్తూరు యాస. "ఏం సార్, యాడికి?" అని దిగాడు. నా చేతిలో గుడ్డ తీసుకుని ఉచ్చులా వేసి మూతి మీదుగా బిగించి, గడ్డం కింద ఒక ముడి, చెవుల వెనక ఒక ముడి. పది సెకన్లు పట్టలేదు. "మా ఊళ్ళో ఎద్దులకు మందు తాపేటోళ్ళం సార్, ఇదెంత" అన్నాడు. తర్వాత మీటరు వేశాడు. బెంగళూరులో కుక్క బతకడం కంటే ఇది పెద్ద విశేషం.

దారి పొడుగునా ఫోన్ మోగుతూనే ఉంది. నలభై ఆరు మెసేజ్‌లు. కుక్కను "అది" అనడం అగౌరవమా కాదా అని చర్చ. మధ్యమధ్యలో "ఎవరైనా అప్‌డేట్ ఇవ్వండి."

ఆస్పత్రిలో పేరు అడిగారు. బ్రౌనీ అన్నాను. ఇప్పటికే వార్డులో నలుగురు బ్రౌనీలున్నారట, అయిదో నంబరు వేశారు. యజమాని పేరు అడిగారు. నేను ఆటోవాడి వైపు చూశాను. అతను నా వైపు చూశాడు.

మరుసటి ఉదయం గ్రూపు తెరిస్తే, "రాత్రి ఎవరైనా వెళ్ళారా?" "ఆ, ఎవరో వెళ్ళినట్టున్నారు." ఆ ఎవరోకి ముప్ఫై ఎనిమిది హృదయాలు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది పాత వైద్యం. ఇప్పుడు గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడగాలి, తర్వాత సూదులు: 0, 3, 7, 14, 28 రోజుల్లో. కరవకముందే టీకా వేయించుకోండని గ్రూపులో ఎప్పుడో చెప్పారు. ఆ మెసేజ్‌కి నేను దండం బొమ్మ పెట్టాను.

మూడో రోజు సూది కోసం లైన్లో నిలబడి ఉండగా మెసేజ్ వచ్చింది. "బ్రౌనీ ఈ సాయంత్రం డిశ్చార్జి. ఎవరైనా వెళ్ళి తీసుకురాగలరా?"

ఒంటి చేత్తో టైపు చేశాను: "నేను ఊళ్ళో లేను, ఉంటే కచ్చితంగా వెళ్ళేవాణ్ణి."