విడిపోవడం చేతకాని బ్యాండు

అమెరికన్ రాక్ బ్యాండు దే మైట్ బి జెయింట్స్ మళ్ళీ కొత్త ఆల్బమ్ తెస్తోందంటే అభిమానులు సంబరపడిపోతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎవరో ఒకరు అడగాలి కదా, అసలు వీళ్ళు ఎప్పుడు విడిపోతారని!

రాక్ బ్యాండంటే కొన్ని పద్ధతులుంటాయి. పదేళ్ళు కలిసి వాయించాలి. పాట రాసింది నేనంటే నేనని కొట్టుకోవాలి. కోర్టుకెక్కాలి, మాటలు మానేయాలి. ఇరవై ఏళ్ళు పోయాక, చేతిలో డబ్బులైపోయాక, స్టేజీ మీద కౌగలించుకోవాలి. మూడింతల రేటు పెట్టి టికెట్లు కొని మేం ఏడవాలి. జాన్ లినెల్, జాన్ ఫ్లాన్స్‌బర్గ్ హైస్కూలు నాటి స్నేహితులు. 1982లో బ్రూక్లిన్‌లో ఈ బ్యాండు పెట్టారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, ఇక్కడ రెండు కత్తుల పేరూ ఒకటే! అయినా నలభై ఏళ్ళు దాటినా ఒర చిరగలేదు. విడిపోనివాళ్ళు మళ్ళీ కలిసేదెప్పుడు, మేం ఏడ్చేదెప్పుడు?

పోనీ రాక్ వాయిద్యాలైనా పట్టుకున్నారా? లినెల్ మెడలో అకార్డియన్. 1990లో బ్రిటన్‌లో హిట్ పాటల జాబితాలో ఆరో స్థానం దాకా ఎక్కిన వాళ్ళ పాట వింటే, పాడుతున్నది విరహంలో ఉన్న కుర్రాడు కాదు, స్విచ్చి పక్కన ప్లగ్గులో వెలిగే నీలం పిట్ట బెడ్‌లైటు. మొదట్లో వాళ్ళ పాటల ప్రచారమూ ఇంతే. ఫోన్ చేసినవాళ్ళకి రికార్డు చేసిన మాట వినిపించే ఆన్సరింగ్ మెషీన్‌లో పాట పెట్టి, ఫోన్ చేసి వినండని ప్రకటన ఇచ్చారు. ‘ఆఫీసు నుంచి చేస్తే ఉచితం’ అని పైగా ఒక సలహా! ఒకరు వింటుంటే రెండోవాళ్ళకి ఎంగేజ్. ప్రపంచంలో ఒక్కసారికి ఒక్కడే శ్రోత ఉండే కచేరీ అది.

ఇవన్నీ క్షమిస్తాను. సూర్యుడి విషయం మాత్రం క్షమించను.

సూర్యుడంటే మండే వాయువుల ముద్ద అని 1959 నాటి పిల్లల సైన్సు పాట ఒకటుంది. దాన్ని వీళ్ళు 1993లో తమ గొంతుతో పాడారు. జనం హాయిగా నేర్చుకున్నారు. 2009లో పిల్లల కోసం సైన్సు ఆల్బమ్ చేస్తూ అదే పాట మళ్ళీ పాడి, దాని వెనకాలే ఇంకో పాట పెట్టారు. సారాంశం: ఇందాకటి పాట తప్పు, సూర్యుడు వాయువు కాదు, ప్లాస్మా, అంటే విపరీతమైన వేడికి విద్యుదావేశం పొందిన పదార్థం. దిద్దుబాటు కూడా ట్యూను కట్టి, లయ తప్పకుండా!

రాక్ గాయకుడు తప్పు ఒప్పుకోవడమా? హోటల్ గదిలో టీవీ పగలగొట్టినా ఒప్పుకోని జాతి అది. నాకు అప్పట్నుంచీ టెన్షనే. వీళ్ళ కొత్త ఆల్బమ్ ఏది విన్నా, ఈ పాటని నమ్మొచ్చా, పదహారేళ్ళు ఆగి సవరణ విన్నాక నమ్మాలా అని. నన్నొదిలేయండి, మిగతా గాయకుల గతేమిటి? ‘నువ్వు లేక ఒక్కరోజు కూడా బతకనన్నావు, మూడో పెళ్ళి కూడా అయింది, దిద్దుబాటు పాట ఏదయ్యా?’ అని రేపు ఏ పిల్లాడో లేచి అడిగితే?