పై చదువా, ఉద్యోగమా: ముందు తేల్చుకోవాల్సింది పని

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మాస్టర్స్ చేయాలా, ఉద్యోగంలో చేరాలా? ‘రోజూ ఏ పని చేయాలని ఉంది?’ అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది ఆలోచనలో పడతారు. ఇంటర్వ్యూలంటే టెన్షన్ అనో, స్నేహితులంతా అప్లై చేస్తున్నారనో పై చదువుకు వెళ్తే, రెండేళ్లయ్యాక అదే ఇంటర్వ్యూకు మళ్లీ కూర్చోవాలి. అప్పటికి నెత్తిన అప్పు కూడా ఉండొచ్చు.

చదువు తప్పనిసరి అయ్యే పనులు ఉన్నాయి. సిగ్నల్ ప్రాసెసింగ్, కంట్రోల్ సిస్టమ్స్, భూకంపాలను తట్టుకునే కట్టడాల డిజైన్ లాంటి వాటికి డిగ్రీలో నేర్చుకున్న గణితం చాలదు. ఆఫీసు పని అయ్యాక మిగిలిన గంటలో దాన్ని సొంతంగా పట్టుకోవడం చాలా కష్టం. పరిశోధనలోనే ఉండిపోవాలనుకుంటే పీహెచ్‌డీ వైపు నడవాల్సిందే. వెబ్ అప్లికేషన్లు, టెస్టింగ్, నిర్మాణ సైట్ పనులు మాత్రం చేస్తూ ఉంటేనే వస్తాయి.

ఈ రెండు దారులూ ఒకేచోట కలిసిన సందర్భం ఉంది. జాక్ కిల్బీ 1947లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకుని ఉద్యోగంలో చేరారు. పని చేస్తూనే చదివి 1950లో మాస్టర్స్ పూర్తిచేశారు. 1958లో, భాగాలన్నీ ఒకే చిప్ మీద ఉండే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను చేసి చూపించారు, 2000లో నోబెల్ అందుకున్నారు. 1959లో ఆ సర్క్యూట్‌కు తయారీకి వీలైన రూపం ఆలోచించిన రాబర్ట్ నోయిస్ మాత్రం చదువు ఆపలేదు. 1953లో ఎంఐటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ ముగించాకే కంపెనీలో చేరారు.

ఏదీ తేల్చుకోలేనివాళ్లు ముందు రెండేళ్లు పనిచేయాలన్నది నా గట్టి అభిప్రాయం. మనకు ఏం రాదో ఉద్యోగంలోనే తెలిసొస్తుంది. ఆ లోటు తెలిసి వెళ్లినవాళ్లు కోర్సులు వేరేలా ఎంచుకుంటారు, ప్రొఫెసర్లను వేరే ప్రశ్నలు అడుగుతారు. చదివే అలవాటు పోతుందనే భయం కంటే నన్ను కలవరపెట్టేది జీతం. అది ఇంటి ఖర్చుల్లో, అప్పుల వాయిదాల్లో కలిసిపోయాక వదిలి వెళ్లడానికి మనసొప్పదు. అందుకే చేరిన రోజే గడువు పెట్టుకోండి, అప్పుల వాయిదాలకు దూరంగా ఉండండి. విదేశీ యూనివర్సిటీలు మాస్టర్స్ ప్రవేశానికి అడిగే జీఆర్ఈ పరీక్ష స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి చదువు వేడి మీదున్నప్పుడే రాసేయండి. సిఫార్సు లేఖలు ఇవ్వగల అధ్యాపకులతో కాలేజీ వదిలేలోపే మాట్లాడండి, చేసిన ప్రాజెక్టు నివేదికలు వాళ్లకు పంపి ఉంచండి.