షెడ్డులో చేరే కుర్రాడికి ముందు మీటరు పట్టుకోవడం నేర్పండి

పదో తరగతి అయ్యాక మెకానిక్ పని నేర్చుకుంటానంటే మన ఊళ్లలో వినిపించే సలహా ఒక్కటే: ఫలానా మేస్త్రి షెడ్డులో పడేయండి, రెండేళ్లలో చెయ్యి తిరుగుతుంది. ఆ రెండేళ్లలో సగానికి పైగా డీజిల్‌తో సామాను కడగడానికి, టీలు తేవడానికి, పంక్చర్ షాపుకు చక్రం దొర్లించుకెళ్లడానికే సరిపోతుంది. పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటర్లే చేసిన రోజుల్లో ఈ పద్ధతి ఎలాగో నడిచింది. ఇప్పుడు మాత్రం కుర్రాడి వయసును వృథాగా పారబోయడమే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక ఏం జరిగిందో తెలిసిందే. రోజూ రోడ్డెక్కే మామూలు బైకుల్లోకీ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వచ్చేశాయి. 125 సీసీ దాటిన వాటికి అంతకుముందే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరైంది. శబ్దం విని ఎయిర్ స్క్రూ తిప్పే విద్యకు వీటి దగ్గర పని లేదు. అందుకే మొదటి ఆరు నెలలు కరెంటు పని, అంటే మల్టీమీటరుతో వోల్టులు, ఓములు కొలవడం నేర్పాలంటాను. పానా ఆ తర్వాత.

ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. కారు సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. ‘బ్యాటరీ పోయింది’ అని ఓనరే తేల్చేస్తాడు, షెడ్డులో అందరూ సరేనంటారు. కొత్త బ్యాటరీ పడుతుంది. నెల తిరక్కుండా బండి మళ్లీ వస్తుంది, ఈసారి సెల్ఫ్ మోటారు విప్పుతారు. మీటరు ఉన్నవాడికి ఇది పది నిమిషాల పని. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండా ఛార్జ్ ఉన్నట్టు, 12.2 అయితే సగమే. ఇంజన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు 9.6 కంటే కిందకు పడకపోతే తప్పు బ్యాటరీది కాదు. తర్వాత ఎర్త్, అంటే కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి చూడాలి. మీటరు ఎర్ర తీగ ఇంజన్ బ్లాకు మీద, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. పోస్టుకు బిగించే క్లాంపు మీద కాదు, పోస్టు మీదే. క్లాంపు కింద పట్టిన తుప్పును కూడా కొలతలోకి తేవాలి కదా. 0.2 వోల్టులు దాటిందంటే దొంగ ఎర్త్ దారిలోనే ఉన్నాడు. గరుకు కాగితంతో పోస్టు, క్లాంపు రుద్ది, ఇంజన్‌కు బాడీకి మధ్య ఉన్న పట్టీ బోల్టు విప్పి శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది. చివరగా ఫ్యూజు తిరిగి పెట్టి, బండి స్టార్ట్ చేసి ఛార్జింగ్ 13.8 నుంచి 14.4 మధ్య ఉందో లేదో చూడాలి. కొత్తవాళ్లు ఇక్కడ చేసే తప్పు ఒకటుంది: ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచి బ్యాటరీకి ఆనించడం. అది నేరుగా షార్టే. లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది, చవక మీటరైతే కాలిపోతుంది.

ఇంజన్ లైటు వెలిగిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం కూడా ఇలాంటిదే. ఈసీయూలోని తప్పుల కోడ్ చదివే స్కానర్ ‘మిశ్రమంలో గాలి ఎక్కువ’ అని చెప్పింది తప్ప సెన్సర్ చెడిందని చెప్పలేదు. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ గ్యాస్కెట్ దగ్గర సన్నటి లీకు ఉన్నా బయటి గాలి లోపలికి లాగి అదే కోడ్ వస్తుంది.

చేతి పని రాకుండా మీటరు పట్టుకుని ఏం లాభం అంటారు మేస్త్రులు. ఐటీఐ చదివొచ్చినవాడు అల్యూమినియం కేసులో చిన్న 6 ఎంఎం బోల్టును బలం కొద్దీ లాగి మర తెంపేస్తాడని వాళ్ల ఫిర్యాదు. నిజమే. కానీ ఆ బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలని షెడ్డులో చెప్పేదెవరు? అక్కడ బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి ఉంటే కదా! నా లెక్కలో సరైన దారి ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్, తర్వాత 1961 చట్టం కింద స్టైపెండ్ వచ్చే అప్రెంటిస్‌షిప్. షెడ్డు అనుభవం సెలవుల్లో, సాయంత్రాల్లో.

అసలు గోడ దీనికి అవతల ఉంది. మీటరు పట్టడం వచ్చాక కనెక్టరులో ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలో తెలియాలి. అది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, మాన్యువల్ డీలరు దగ్గర ఉంటుంది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు. 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచిదే కానీ, షెడ్డులో కుర్రాడికి కావలసింది కంపెనీ ఫోన్ నంబరు కాదు, వైరింగ్ డయాగ్రం. అదీ చదువుకోగలిగే భాషలో. విజయవాడ ఆటోనగర్‌లో వట్టి ఛాసిస్ మీద లారీ బాడీ నిలబెట్టే చేతులున్నాయి. వాటి ముందు తెలుగులో ఒక్క వైరింగ్ పేజీ పెట్టిన కంపెనీ ఏదీ? బండి అమ్మడానికి హోర్డింగు తెలుగులో రాయించగలిగినవాళ్లకు ఇది చేతకాని పనేం కాదు. బండి అమ్మడానికి అనుమతి ఇచ్చే ప్రభుత్వం ఆ షరతు పెట్టొచ్చు, పెట్టాలి.

అంతవరకు కుర్రాళ్లు సొంత మాన్యువల్ రాసుకోక తప్పదు. వంద పేజీల నోటుబుక్కు కొనండి. చెడిన బండి వచ్చేదాకా ఆగకండి. మామూలు సర్వీసుకు వచ్చిన మంచి బండి మీదే కొలవండి. థ్రాటిల్ సెన్సర్‌కు వచ్చే 5 వోల్టులు, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఎంత, పూర్తిగా తిప్పినప్పుడు ఎంత, చల్లటి ఇంజన్ మీద టెంపరేచర్ సెన్సర్ ఎన్ని ఓములు, ఏ రంగు వైరు ఎటు పోతోంది. పైన మోడల్, సంవత్సరం రాయడం మరవద్దు. ఒకే పేరుతో అమ్మే బండిలో కూడా వైర్ల రంగులు ఏడాదికో రకంగా మారిపోతుంటాయి.