భోజనాల బల్ల మీది ప్లాస్టిక్ షీటు గారికి

మహారాజశ్రీ షీటు గారికి, నెల్లూరు నుంచి మీ ఏలుబడిలో ఉన్న ఒక కోడలు రాసుకుంటున్న విన్నపం.

టేకు బల్ల ఇంటికి వచ్చిన సాయంత్రమే చిన్నబజారులో మిమ్మల్ని మీటర్ల లెక్కన కొలిపించి తెచ్చాం. బల్ల మీద మరక పడరాదన్నది మా అత్తగారి శాసనం. పాలిష్ మేస్త్రి లక్కను స్పిరిట్లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్ది తెచ్చిన మెరుపు ఆ రాత్రి నుంచే మీ కింద ఖైదు. వచ్చిన చుట్టాలు మీ లేసు పువ్వులను తడిమి ‘బల్ల బాగుంది’ అంటారు. మీరు పొంగిపోతారు.

మీ సేవలను తక్కువ చేయను. చేపల పులుసు దాక దించినప్పుడు ఒలికిన నాలుగు చుక్కలను మీరు ఎంత చాకచక్యంగా అంచు కిందికి లాక్కుంటారో! పైన తుడిస్తే తళతళ. కింద చేరిన తడికి బయటికి దారి లేదు. అసలే మా ఊళ్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలే తడిగుడ్డ. సంక్రాంతికి మిమ్మల్ని లేపబోతే మీరు రానన్నారు. లాగితే పాలిష్‌తో సహా వచ్చారు. మిమ్మల్ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనాలు మెల్లగా దిగి పూతనూ మెత్తబరిచాయట. మీ లేసు పువ్వులు ఇప్పుడు టేకు మీద అచ్చుపడి ఉన్నాయి. మరక పడకుండా కాపాడినందుకు ధన్యవాదాలు.

మీరు రానిస్తే మామూలు మరకలకు మందుంది. లక్క పూతలో తేమ చిక్కి తేలిన తెల్లమచ్చ మీద పొడి నూలు గుడ్డ పరిచి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టెను ఒక్క క్షణం ఆనిస్తే చాలావరకు పోతుంది. పసుపు మరక ఎండకు వెలుస్తుంది. అత్తగారు దాన్ని బట్టల సబ్బుతో రుద్దితే ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో ఈ ఆశ్చర్యం ఎందుకో నాకు తెలియదు. తడి దోసె పెనం పెట్టిన చోట పడ్డ నల్లటి చుట్టు మాత్రం మొండిది. ఇనుము చెక్కలోని వగరుతో కలిసి లోపలికి దిగిపోతుంది. దానికి పాలిష్ గీకి ఆక్సాలిక్ ఆమ్లం పూయాలి. అది విషం కనుక చేతులకు తొడుగులతో మేస్త్రి చేయవలసిన పని.

ఉదయగిరి చెక్క గరిటె రోజూ పులుసులో మునిగి లేస్తుంది. కడిగి ఆరబెడితే చాలు, దానికి ఎవరూ షీటు చుట్టరు. బల్లకు మాత్రం ఎందుకండీ ఈ అంగరక్షకుడు? దాక కింద ఒక కుదురు, పక్కన ఒక పొడి గుడ్డ, ఒలికిన వెంటనే లేచి తుడిచే ఒక మనిషి. ఈ మూడోది మా ఇంట్లో దొరకదనే కదా మిమ్మల్ని కొలువులో పెట్టుకున్నది!

ఇందుమూలంగా మిమ్మల్ని మేడమీది నీళ్ల మోటారుకు బదిలీ చేయడమైనది. అక్కడ వానకు తడుస్తూ కర్తవ్యం నిర్వహించండి. సోఫాకు తొడిగిన మీ తమ్ముడికి విడిగా రాస్తాను. అతను కూర్చున్నవారిని కూడా వదలడు.

ఇట్లు,
బల్ల కొని షీటును తుడుస్తున్న కోడలు