పొరపాటు అనే మాట ఇక చాలు

గ్రీన్‌లాండ్ సొరచేప ఈడుకు రావడానికే దాదాపు 150 ఏళ్లు పడుతుందని శాస్త్రవేత్తల అంచనా. కాలేయంలోని నూనె కోసం నార్వే, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వాళ్లు ఒకప్పుడు దీన్ని విపరీతంగా వేటాడారు. 20వ శతాబ్దం మధ్యకల్లా ఆ వేట సద్దుమణిగింది. ఆ తర్వాత పుట్టిన ఆడ సొర ఒక్కటి కూడా, ఈ లెక్కన, ఇంకా తల్లి కాలేదు. పాత దెబ్బే మానలేదు. అప్పుడే కొత్త దెబ్బ మొదలైంది: వేరే చేపల కోసం వేసిన వలలకు, గాలాలకు చిక్కి చావడం. దానికి పెట్టుకున్న పేరు పొరపాటు.

వాయవ్య అట్లాంటిక్ మత్స్య సంస్థ, నాఫో, 2022లో ఈ సొరను పట్టి ఉంచుకోవడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ ఆ నిషేధం అంతర్జాతీయ జలాలకే. పైగా హాలిబట్ అనే చేప కోసం వేసిన వలలో పడి చచ్చిన సొరను తిరిగి సముద్రంలో పారేస్తే నిషేధాన్ని పాటించినట్టే లెక్క! గాలాల తాడు చుట్టుకుపోయిన సొరను విడిపించలేక తోక కోసేసిన ఘటనలూ ఉన్నాయి.

ఈ జాతి సొర ఒకటి 392 ఏళ్లు బతికి ఉండొచ్చని 2016లో శాస్త్రవేత్తలు చెబితే ప్రపంచం ముక్కున వేలేసుకుంది. నాడు పరీక్షించిన 28 సొరల్లోనూ పొరపాటున వలకు చిక్కినవి ఉన్నాయన్నది ఎవరికీ పట్టలేదు.

హాలిబట్ వేటే గ్రీన్‌లాండ్ తీర పల్లెలకు కూడు పెడుతోందన్న వాదన నిజమే. వేట మానమని మేమూ అనడం లేదు. గాలాలు నీళ్లలో ఉంచే గంటలు తగ్గించవచ్చు, సొరలు ఎక్కువగా తిరిగే చోట్లను వదిలేయవచ్చు.

మా భయమల్లా ఈ పొరపాటు రేపు హక్కుగా మారుతుందనే. యూరప్‌లో అదే జరిగింది. ఇదే కుటుంబానికి చెందిన పోర్చుగీస్ డాగ్‌ఫిష్ సహా లోతు సముద్రపు సొరల కోటాను 2010లో సున్నా చేశారు. 2017కల్లా పొరపాటున పడేవాటి కోసమంటూ 10 టన్నులు కేటాయించారు. పొరపాటుకు కోటా ఏమిటి? ముందే టన్నుల్లో లెక్కగట్టి అనుమతించాక అది పొరపాటు ఎలా అవుతుంది? ఒకరికి ఇచ్చిన మినహాయింపును చూపించి రేపు మరొకరు అడుగుతారు.

నాఫో సభ్య దేశాలు ఏటా సెప్టెంబరులో కూర్చుంటాయి. ఓడకు ఇన్ని సొరలకు మించి చావకూడదని పరిమితి పెట్టండి. దాటిన ఓడను రేవుకు రప్పించండి. కెనడా, గ్రీన్‌లాండ్ తమ సొంత జలాల్లోనూ అదే చేయాలి. అంతపాటి తెగింపు లేకపోతే ఈ సొరను కాపాడుతున్నామని చెప్పుకోవడం మానండి.