యూరియా డబ్బా మీద అయిదేళ్ల సమాలోచన

జర్మనీ కారు కంపెనీల క్రమశిక్షణ గురించి మన వైజాగ్‌లో ఈఎంఐలు కట్టేవాళ్లు కూడా చేతులు జోడించి చెబుతారు. నిజమే. బెంజ్ కార్ల డైమ్లర్, బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్, ఆడీ, పోర్షే ఇంజనీర్లు 2009 నుంచి 2014 దాకా మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్నారు. దేనికి? డీజిల్ కారులో యాడ్‌బ్లూ ట్యాంకు ఎంత ఉండాలో, ఒకసారి నింపితే ఎన్ని కిలోమీటర్లు రావాలో తేల్చడానికి.

యాడ్‌బ్లూ బ్రహ్మపదార్థమేమీ కాదు. నీళ్లలో 32.5 శాతం యూరియా. సరిపడా చిమ్మితే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రోజనూ నీళ్లూ అయిపోతాయి. చట్టం అడిగిన కనీసం కన్నా బాగా శుభ్రం చేసే విద్య వాళ్లందరికీ వచ్చు. అందుకే ఒప్పందం అవసరమైంది: అంతకు మించి ఎవరూ చెయ్యరాదు.

మన ఎన్ఏడీ జంక్షన్ ఆటోస్టాండులో ఇదే సమాలోచన జరిగితే?

"బావా, ఎవుడూ పొగ ఎక్కువ తగ్గించీవద్దు. నువ్వు తగ్గిస్తే ప్యాసింజరు నన్నడుగుతాడు."

"మరి పొల్యూషనోడో?"

"ఆడెంతడిగితే అంతే. ఆపైన తగ్గించినోడు స్టాండులో ఉండడు."

"టీ ఎవుడిప్పిస్తాడేటి?"

కానీ మనవాళ్లు సవారీ కోసం కొట్టుకుంటారు తప్ప ఇంత ఐకమత్యం చూపించలేరు. దానికి పెద్ద చదువులు కావాలి.

2021 జులై 8న యూరోపియన్ కమిషన్ ఈ కుమ్మక్కుకు 87.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. గుట్టు ముందుగా విప్పిన డైమ్లర్‌కు సున్నా; 72.7 కోట్లు మాఫీ. తప్పు ఒప్పుకున్నందుకు మిగతావాళ్లకు 10 శాతం తగ్గింపు. ధర మీద కాకుండా కేవలం టెక్నాలజీ మీద కుమ్మక్కైన మొదటి కేసు కాబట్టి ఇంకో 20 శాతం. మన పంచాంగంలో అప్పటికి ఆషాఢం మొదలే కాలేదు! బీఎండబ్ల్యూ అయితే ఈ కేసు కోసం 140 కోట్ల యూరోలు పక్కన పెట్టుకుని, ఆరోపణలు పలచబడగానే 100 కోట్లు లాభంలో కలిపేసుకుంది. మీ స్కూటరు పొల్యూషన్ కాగితానికి గడువు దాటిందనుకోండి, చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. "కొత్త రకం తప్పు సార్" అని మద్దిలపాలెంలో ట్రాఫిక్ పోలీసుకు చెప్పి చూడండి.

జ్ఞానాపురంలో ఆరేసిన బట్టల మీంచి బొగ్గు ధూళి దులుపుకునే ఊరు మనది. చేతకాక వదిలేసిన పొగ వేరు. వీళ్లకు చేతనవును. యూరియా ఉంది, చిమ్మే యంత్రం ఉంది, అయినా "నువ్వు చెయ్యకు, నేనూ చెయ్యను" అని చేతులు కలిపారు. పసిపిల్లలు పీల్చే గాలి మీద బేరమాడుకున్నారు, సిగ్గులేని వెధవలు!