పదవీ విరమణ చేసిన డ్రైవరు

గ్రాఫిక్స్ కార్డు పాడైతే ఇంకొకటి కొనుక్కోవాలి, ఇందులో వ్యాసం రాసేంత సంగతేముందని విండోస్ వాడేవారు అడుగుతారు. అడగనివ్వండి. లైనక్స్ కంప్యూటర్‌లో కార్డు పాడవనక్కర్లేదు. ఫ్యాను నిక్షేపంగా తిరుగుతుండగానే తయారీదారు దాని డ్రైవరుకు, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాముకు, పదవీ విరమణ ఇప్పిస్తాడు.

ఆ కబురు యజమానికి లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ అప్‌డేట్ అయిన ఉదయం అందుతుంది. తెరంతా నలుపు, ఎడమ మూల ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఆయన కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కి, ఒక చేత్తో ఫోనులో వెతుకుతూ మరో చేత్తో కమాండ్లు కొడితే, కొత్త కెర్నెల్‌కు తగ్గ డ్రైవరు ముక్కను, అంటే మాడ్యూలును, ఆ పనికే ఉన్న డీకేఎంఎస్ అనే ఉపకరణం తయారు చేయలేకపోయిందనీ, కారణం ఫలానా లాగ్ ఫైలులో ఉందనీ తెలుస్తుంది. అదీ సరిచేశాక, నమ్మకమైన ప్రోగ్రాములనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ అడ్డుపడి, మాడ్యూలు మీద సంతకం లేదంటుంది. అప్పుడాయన తానే సంతకానికి ఒక డిజిటల్ కీ తయారుచేసుకుని, రీబూట్ చేసి, నీలి తెర మీద పాస్‌వర్డు కొట్టి, తాను నమ్మదగినవాడినేనని తన సొంత కంప్యూటరుకు విన్నవించుకుంటారు. ఇంతా చేసేది తెర మూల గడియారం కనబడడానికి.

సరే, కొత్త కార్డు. తెలిసినవారు ఏఎండీ కొనమంటారు. దాని డ్రైవరు 2015లో 4.2 కెర్నెల్‌లోనే చేరిపోయింది, బొమ్మలు గీసే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ మెసా తోడుంటే వేరే ఏమీ దించుకోనక్కర్లేదు. నిజమే, కార్డు నిన్నమొన్న విడుదలైనది కాకపోతే. అలాంటిదాన్ని పాత కెర్నెల్‌ను పట్టుకు వేలాడే డిస్ట్రో (లైనక్స్ కూర్పు) గుర్తే పట్టదు. పైగా ఓపెన్‌సోర్స్ డ్రైవరులో తెరకు కలిపే కేబులు ప్రమాణం హెచ్‌డీఎంఐ 2.1ను చేర్చడానికి 2024లో ఆ ప్రమాణాన్ని చూసే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. కేబులు కూడా దేవరహస్యమే కాబోలు. ఇంటెల్ వారి ఆర్క్ కార్డు అంటారా, కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరుకు ఒకేసారి అందనిచ్చే రీసైజబుల్ బార్ లేని పాత మదర్‌బోర్డులో అది నీరసించి కూర్చుంటుంది.

ఇక ఎన్విడియా. 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ సంస్థకు కెమెరా ముఖంగా మధ్యవేలు చూపించారు. అప్పుడు అమర్యాద అనిపించింది. ఇప్పుడు ఒక్క వేలేనా అనిపిస్తోంది. ఏళ్ల తరబడి కార్డులను తడిమి తడిమి అర్థం చేసుకుని కొందరు నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవరు రాస్తే, 2014 నాటి జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి, వేగం పెంచే ఫర్మ్‌వేరు (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) మీద తన సంతకం ఉండి తీరాలని ఆ సంస్థ బిగించింది. సంతకం చేసిన ఆ ఫర్మ్‌వేరును మాత్రం ఇవ్వలేదు. ఇది సాంకేతిక పరిమితి కాదు, ఒట్టి పొగరు. డబ్బు మాది, కరెంటు మాది, గదిలో వేడి మాది. కార్డు పరుగెత్తాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వారిది! 2022లో కెర్నెల్ మాడ్యూళ్ల కోడును అందరికీ తెరిచారు, అదీ ట్యూరింగ్ తరం కార్డుల నుంచే. అంతకు ముందు తరాల కార్డులున్నవారికి 580 శ్రేణి తర్వాతి ఎన్విడియా డ్రైవర్లలోనూ చోటు లేదు. రేపు ఆ 580 కొత్త కెర్నెల్‌తో అతకనని మొండికేస్తే వారికి మిగిలేది నూవో, ఆన్ చేసినప్పటి వేగాన్ని దాటని నత్తనడక.